సైనిక స్మారకాలు: మన ఊళ్లలో తరచూ వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

ఆర్మీలో పదిహేడేళ్లు క్లర్కుగా చేశాను. నా సర్వీసంతా సైనికుల కాగితాల మధ్యే గడిచింది. రిటైరై కడప జిల్లాలోని మా ఊరికి వచ్చాక, బడి ఆవరణలో ఒక పేర్ల గోడ, దాని పక్కన మూడు అద్దాల బీరువాలతో ఒక చిన్న గది ఏర్పాటు చేశాం. అది చూసి కర్నూలు, అనంతపురం వైపు నుంచి కూడా ఫోన్లు రావడం మొదలైంది. ఎవరు చేసినా దాదాపు అవే మాటలు, అవే పొరపాట్లు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: స్మారకం అంటే ఊరి సెంటర్లో విగ్రహం

ఫోన్ చేసే వాళ్లలో ఎక్కువమంది మొదటి మాటే ఇది. బస్సు దిగగానే కనపడాలి, రోడ్డు మధ్యలో ఉండాలి అంటారు. ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ 2013 జనవరి 18న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: రోడ్లు, ఫుట్‌పాత్‌లు, జనం వాడుకునే ఇతర స్థలాల్లో విగ్రహాలకూ కట్టడాలకూ రాష్ట్రాలు అనుమతి ఇవ్వకూడదు. అయినా రాత్రికి రాత్రే దిమ్మె కట్టేసేవారు ఉన్నారు. తర్వాత రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. ఒక జవాను విగ్రహాన్ని గోనెపట్టాలో చుట్టి ఒక ఆఫీసు వరండాలో మూలన పెట్టారు. ఆ అబ్బాయి తల్లి వచ్చి ఆ పట్టాను నిమురుతూ నిలబడింది. ఆ రోజు నుంచి రోడ్డు మీద విగ్రహమంటే నేను ఒప్పుకోను. బడి ఆవరణ, పంచాయతీ స్థలం, కుటుంబం రాసిచ్చిన సొంత స్థలం, వీటిలో ఏదైనా సరే. తీర్మానం, అనుమతి కాగితం చేతిలో పడ్డాకే పునాది తీయండి.

ఆవిష్కరణ రోజు చాలామంది విగ్రహం మీద జాతీయ జెండా కప్పి, తాడు లాగి తీస్తారు. అది తప్పు. జెండాను విగ్రహానికో స్మారకానికో ముసుగుగా వాడకూడదని ఫ్లాగ్ కోడ్‌లోనే ఉంది. వేరే గుడ్డ ఏదైనా కప్పండి, జెండాను పక్కన గౌరవంగా ఎగరేయండి. అలాగే శిలాఫలకం పైన మూడు సింహాల గుర్తు చెక్కించాలని ఉబలాటపడతారు. రాజముద్రను ఎవరంటే వారు వాడకుండా 2005లో చట్టమే వచ్చింది.

అపోహ: పేర్లు, వివరాలు అన్నీ ఆర్మీ దగ్గర భద్రంగా ఉంటాయి, ఎప్పుడైనా తెచ్చుకోవచ్చు

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే.

పెన్షన్ రానివారి సర్వీసు కాగితాలను రికార్డు ఆఫీసులో 25 ఏళ్లు ఉంచుతారు. గడువు దాటాక నిబంధనల ప్రకారమే నాశనం చేస్తారు. రెండో ప్రపంచ యుద్ధంలో చేరి, యుద్ధం అయిపోగానే 1946లో ఇంటికి పంపేసిన మనుషులను తలుచుకోండి. వారిలో ఎంతోమందికి పెన్షన్ లేదు. అలాంటి మనిషి మిలట్రీలో పనిచేశాడనడానికి ఈరోజు మిగిలిన రుజువు, ఇంట్లో అటక మీదున్న ట్రంకు పెట్టెలోని డిశ్చార్జి కాగితమే కావచ్చు. ఆ ఇల్లు పడగొట్టి కొత్తది కట్టేటప్పుడు ఆ పెట్టె పాత సామాన్ల వాడి బండెక్కుతుంది. నేను వెళ్లిన ఒక ఇంట్లో, "పోయిన సంక్రాంతికే తీసేసినాం సార్, అంతా చెదలు పట్టింటే" అన్నారు. నాలుగు నెలల ముందు వెళ్లి ఉంటే అని ఇప్పటికీ బాధపడతాను.

అందుకే ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది, రాయి గురించి తర్వాత మాట్లాడుకుందాం, ఈ వారం ఆ పెట్టె తెరవండి అని. డిశ్చార్జి బుక్కులో ఆర్మీ నంబరు, ర్యాంకు, పటాలం, చేరిన తేదీ, విడిచిన తేదీ, వచ్చిన మెడల్స్ ఉంటాయి. అన్నిటిలో ముఖ్యమైనది నంబరు. ఒకే పటాలంలో ఒకే పేరుతో నలుగురు వెంకటసుబ్బయ్యలు ఉండొచ్చు, నంబరు మాత్రం ఒక్కరిదే.

ప్రపంచ యుద్ధాల్లో చనిపోయినవారి కోసం ఇంకో దారి ఉంది. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో పేర్లు ఉచితంగా వెతుక్కోవచ్చు. మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 దాకా, రెండోదానికి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా సర్వీసులో ఉండగా చనిపోయినవారిని అందులో చేర్చారు. చాలా పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి.

అయితే అక్కడ మనవాళ్లు తడబడేది జిల్లా దగ్గరే. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి జిల్లాలో ఉండేవి. కాబట్టి ఆదోని సిపాయి కోసం కర్నూలు కింద వెతికితే దొరకడు, బళ్లారి కింద చూడాలి. గిద్దలూరు, మార్కాపురం 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే దాకా కర్నూలు జిల్లావే. కర్నూలు అని రాసి ఉన్న మనిషి ఊరు గిద్దలూరు పక్కన ఉండొచ్చు. కడపను ఇంగ్లీషులో ఇప్పుడు రాసినట్టు కాకుండా పాత పద్ధతిలో, సీ అక్షరంతో మొదలుపెట్టి "కడ్డపా" అన్నట్టు రాసేవారు. ఇంటిపేరు చాలాచోట్ల ఉండదు, ఉన్నా ముక్కలై ఉంటుంది. రాసుకున్న గుమాస్తా ఏ భాష వాడో, అతని చెవికి మన పేరు ఎలా వినబడిందో ఊహించి, నాలుగు రకాల స్పెల్లింగులతో వెతకాలి. ఓపిక కావాలి.

ఆ జాబితా కూడా సంపూర్ణం కాదు. భారతీయులతో సహా వేలమందిని మిగతావారితో సమానంగా స్మరించలేదని, ఎక్కువగా తూర్పు ఆఫ్రికా, ఈజిప్టులకు చెందిన లక్ష మందికి పైగా మనుషులను పేరుతో స్మరించలేదని, వారిలో కొందరిని అసలు స్మరించనే లేకపోవచ్చని 2021లో ఆ కమిషనే ఒప్పుకుంది. అక్కడ పేరు లేనంత మాత్రాన మీ ముత్తాత యుద్ధానికి వెళ్లలేదని కాదు.

అపోహ: యుద్ధంలో తూటా తగిలి చనిపోయినవారి పేర్లే గోడ మీద ఉండాలి

ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన నేషనల్ వార్ మెమోరియల్‌లో త్యాగ చక్రం గోడల మీద పాతిక వేలకు పైగా పేర్లున్నాయి. స్వాతంత్ర్యం తర్వాత యుద్ధాల్లో, ఆపరేషన్లలో ప్రాణాలిచ్చినవారి పేర్లవి. అది దేశం మొత్తానికి సంబంధించిన స్మారకం, దాని నిబంధన దానిది. ఊరి గోడకు అదే కొలత పెట్టాల్సిన పని లేదు.

మా ఊళ్లో దీని మీద పెద్ద వాదనే జరిగింది. ఒకతను మంచు ప్రాంతంలో డ్యూటీలో ఉండగా ఊపిరితిత్తులు దెబ్బతిని పోయాడు. "జబ్బు చేసి పోయినోడిని అమరవీరుడని ఎట్లా రాస్తాం" అని ఒక పెద్దాయన అడిగాడు. నేను చెప్పిందేమంటే, సైన్యం కాగితాల్లో అమరవీరుడు అనే మాటే ఉండదు. పోరులో జరిగిన మరణం ఒక రకం, ఇతర కారణాల వల్ల జరిగినది ఇంకో రకం అని రాసుకుంటారు, అంతే. ప్రపంచ యుద్ధాల్లో మలేరియాతో, విరేచనాలతో పోయిన సిపాయిల పేర్లనూ తూటాకు పోయినవారి పేర్లతో సమానంగానే లెక్కలోకి తీసుకున్నారు. చివరికి ఆ పెద్దాయనే ఒప్పుకున్నాడు. పలక మీద "విధి నిర్వహణలో మరణించారు" అని రాసి తేదీ, చోటు వేశాం.

బతికి తిరిగొచ్చినవారి పేర్లూ రాయండి. మా గోడకు రెండు భాగాలు చేశాం: తిరిగి రానివారు ఒకవైపు, వచ్చినవారు ఇంకోవైపు. వంటవాడు, చాకలి, మంగలి, నీళ్లు మోసేవాడుగా పటాలం వెంట వెళ్లినవారిని వదిలేయకండి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత సిపాయిలకు వెండి మెడల్ ఇచ్చి, లేబర్ కోర్ కూలీలకు అదే మెడల్‌ను కంచుతో ఇచ్చారు. ఆ తేడాను మనం వందేళ్ల తర్వాత మన ఊళ్లో మళ్లీ చెక్కించుకోవద్దు. పేర్లను ర్యాంకు ప్రకారం కాకుండా అక్షర క్రమంలో పెట్టండి. కులం, మతం గుర్తులేవీ వద్దు. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

అపోహ: సీమలో సైనిక స్మారకాల సంప్రదాయం లేదు

మన పొలాల గట్ల మీద, గుళ్ల ముందు నిలబడి ఉన్న వీరగల్లులు ఏమిటి మరి? కత్తి పట్టిన మనిషి, ఆయన్ను పైకి తీసుకుపోతున్న అప్సరసలు, పైన శివలింగం, సూర్యచంద్రులు. ఆవుల మందను విడిపించబోయి పోయినవాడికీ రాయి నిలిపారు, రాజు కోసం పోరాడి పోయినవాడికీ నిలిపారు. 9వ శతాబ్దపు సోరెమడి యుద్ధం గురించి మనకు తెలిసింది చాలావరకు ఇలాంటి రాళ్ల వల్లే. ఆ తర్వాత కంపెనీ కాలంలో ఉత్తరాదిన సిపాయిలను "తిలంగాలు" అని పిలిచారంటే, అది మన తెలుగు నేల పేరే.

దయచేసి వీరగల్లులకు ఆయిల్ పెయింట్ వేయకండి, సిమెంటు దిమ్మెలో సగం దాకా పూడ్చకండి. అడుగున ఉన్న శాసనం మాయమైపోతుంది.

అపోహ: నాపరాయి చాలు, చవక, ఎప్పటికీ నిలుస్తుంది

ఎర్రగుంట్ల, బేతంచెర్ల, తాడిపత్రి నాపరాళ్లు ఇంట్లో పరుచుకోవడానికి ఎంతో మంచివి. కానీ అది సున్నపురాయి. సిమెంటు ఫ్యాక్టరీలు వాడేదీ ఆ జాతి రాయినే. పొరలు పొరలుగా ఉంటుంది. ఎండలో, వానలో నిలబెడితే నునుపు పోతుంది, కొన్నేళ్లకు పెచ్చులు లేస్తుంది, పెచ్చుతో పాటు పేరూ పోతుంది. ఆరుబయట పెట్టేదైతే గ్రానైట్ వాడండి. లేజర్‌తో పైపైన గీసిన అక్షరం కాకుండా లోతుగా చెక్కించండి. చెక్కిన గుంట లోతుగా ఉంటే, నింపిన రంగు వెలిసినా పేరు చదవొచ్చు.

చెక్కే ముందు ఇంకో జాగ్రత్త. కంప్యూటర్లో పాత ఫాంటు నుంచి కొత్తదానికి మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతాయి. కాగితం మీద అసలు సైజులో ప్రింటు తీసి, ప్రతి కుటుంబానికీ చూపించి సంతకం తీసుకోండి. రాతి మీద తప్పు దిద్దలేం.

అపోహ: మెడల్స్ తళతళ మెరవాలి, కాగితాలకు లామినేషన్ చేయించాలి

చింతపండు పెట్టి తోమిన మెడల్స్ నా దగ్గరకు చాలా వచ్చాయి. పండక్కి ఇత్తడి సామాన్లతో పాటు వాటినీ తోమేస్తారు. మన సిపాయిలకు ఇచ్చిన గుండ్రటి మెడల్ అంచు మీద, 1939-45 స్టార్, బర్మా స్టార్ లాంటి వాటికైతే వెనకవైపు, నంబరు, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. తోమిన కొద్దీ అవి అరిగిపోతాయి. ఒక జేజి తెచ్చిన మెడల్ అంచు అద్దంలా మెరుస్తోంది, ఒక్క అక్షరం లేదు. ఆమె భర్త మీద ప్రేమతోనే ఏటా తోమింది. ఆమెకు ఏం చెప్పాలో తెలియలేదు. మెత్తటి పొడి నూలుగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. నల్లబడిన వెండిని అలాగే వదిలేయండి. రిబ్బను వెలిసిపోయినా పారేయొద్దు.

లామినేషన్ సంగతి: వేడికి కరిగిన ప్లాస్టిక్ జిగురు కాగితంలోకి దిగుతుంది, మళ్లీ ఊడదీయలేం. అసలు కాగితాన్ని స్కాన్ చేసి, ఆ ప్రింటును గోడకు పెట్టండి. అసలుది కవర్లో పెట్టి బీరువాలో దాచండి. మన ఎండలకు పడమటి గోడ పొయ్యిలా కాలుతుంది, బీరువా అక్కడ వద్దు. కలరా ఉండలు గుడ్డ మూటలో కట్టి ఒక మూలన పెట్టండి, కాగితానికీ ఉన్ని కోటుకూ తగలకూడదు. పాత యూనిఫాం హ్యాంగర్‌కు వేలాడదీస్తే దాని బరువుకే భుజాల దగ్గర చిరుగుతుంది. మధ్యలో నూలుగుడ్డ పెట్టి, పరిచి ఉంచండి.

అపోహ: ట్యాంకో విమానమో లేకపోతే అది మ్యూజియమే కాదు

విశాఖ బీచ్‌లో 2002 నుంచి కురుసుర సబ్‌మెరైన్ ఉంది, చూడాల్సిందే. కానీ అంత ఇనుమును తుప్పు పట్టకుండా కాపాడటానికి ఏడాది పొడుగునా మనుషులు, డబ్బు కావాలి. ఊరి గదికి ఒక ఉత్తరం చాలు. మా గదిలో పిల్లలు ఎక్కువసేపు నిలబడేది, ఒక జవాను సరిహద్దు నుంచి "ఎద్దుకు కాలు నయమైందా" అని అడుగుతూ రాసిన ఇన్లాండ్ లెటర్ దగ్గర.

గుర్తుగా తెచ్చుకున్న గుండ్లు, షెల్స్ ఇంట్లో ఉంటే మాత్రం ముట్టుకోవద్దు, నాకు తేవద్దు, పోలీసులకు ఫోన్ చేయండి. పాతదైనా లోపల మందు ఉండొచ్చు. తుపాకీకి లైసెన్సు లేకపోతే ప్రదర్శనకు పెట్టడం నేరం.

అపోహ: ఆవిష్కరణ అయిపోతే పని అయిపోయినట్టే

మా గోడకు చివరి పలకను ఖాళీగా వదిలాం. ఏటా డిసెంబరు 7న, సాయుధ దళాల జెండా దినం నాడు, ఉన్న పేర్లన్నీ పిల్లలతో చదివిస్తాం. ప్రతిసారీ గుంపులోంచి ఎవరో ఒకరు, "మా జేజినాయన పేరు లేదే" అంటారు. అప్పుడు మళ్లీ పెట్టె, మళ్లీ కాగితం. పోయినసారి వచ్చిన డిశ్చార్జి కాగితంలో సగం నంబరును పురుగు తినేసింది. పేరు, పటాలం సరిపోయాయి కానీ నంబరు తేలేదాకా చెక్కించకూడదని ఆగాం. ఆయన మెడల్స్ పెళ్లప్పుడు చిన్న కూతురు తీసుకుపోయిందట, ఆమె ఉండేది తాడిపత్రిలో. వచ్చే ఆదివారం వెళ్తున్నాను. ఈలోపు తోమవద్దని ఫోన్ చేసి చెప్పాను.