‘నేను కాదు’ అని మూడు వందల సార్లు

ఆఫీసులో డబ్బు పోయిందనుకుందాం. విచారణకు కూర్చున్న అధికారి మొదటి మాటే “నువ్వే తీశావని తెలుసు, ఒప్పుకుంటే నీకే మంచిది” అనొచ్చు. లేదా “ఆ రోజు పొద్దున వచ్చినప్పటి నుంచి ఏం జరిగిందో గుర్తున్నంత వరకూ చెప్పండి” అని అడిగి, అడ్డు తగలకుండా వినొచ్చు. రెండో పద్ధతి మర్యాద కోసం పుట్టలేదు. మొదటిది చేయని నేరాలను కూడా ఒప్పించింది కాబట్టి పుట్టింది.

అమెరికాలో ఒకప్పుడు థర్డ్ డిగ్రీ మామూలు వ్యవహారం. 1931లో ప్రభుత్వం నియమించిన వికర్‌షామ్ కమిషన్ దాన్ని బయటపెట్టింది. కొట్టి చెప్పించిన నేరాంగీకారం చెల్లదని 1936లో బ్రౌన్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తర్వాత దెబ్బల స్థానంలోకి మాటలొచ్చాయి. షికాగోకు చెందిన మాజీ పోలీసు జాన్ రీడ్ పేరుతో స్థిరపడిన పద్ధతిలో నేరం నీదేనని గట్టిగా అనేయాలి, కాదనబోతే నోరెత్తనివ్వకూడదు, చివరికి “నీ పరిస్థితిలో ఎవరైనా అంతే చేస్తారులే” అని బుజ్జగించాలి. 1955లో నెబ్రాస్కాలో రీడ్ స్వయంగా ప్రశ్నించాక, భార్యను చంపింది తనేనని డారెల్ పార్కర్ ఒప్పుకున్నాడు. హంతకుడు తానేనని మరొకడు తన లాయర్లకు చెప్పుకున్న సంగతి ఎన్నో ఏళ్లకు గానీ బయటికి రాలేదు. రాష్ట్రం పార్కర్‌కు క్షమాపణ చెప్పేసరికి 2012 వచ్చింది.

అబద్ధం ముఖంలో తెలిసిపోతుందన్న ధీమా ఈ పద్ధతికి పునాది. 2006లో ఎన్నో అధ్యయనాలను కలిపి లెక్క కడితే, జనం నిజాన్నీ అబద్ధాన్నీ సరిగ్గా పోల్చుకున్నది సగటున 54 శాతం సార్లే.

బ్రిటన్‌లో మార్పు తెచ్చింది నా దృష్టిలో టేపు రికార్డరే. పోలీసుల అధికారాలకు హద్దులు పెట్టిన 1984 చట్టం దరిమిలా పోలీసు ఇంటర్వ్యూలను రికార్డు చేయడం మొదలైంది. కార్డిఫ్‌లో జరిగిన ఒక హత్య కేసులో స్టీఫెన్ మిల్లర్‌ను అయిదు రోజుల్లో దాదాపు 13 గంటలు ప్రశ్నించారు. నేను కాదని అతను 300 సార్లకు పైగా చెప్పాడు. అధికారులు అరుస్తూ, అవే మాటలు తిప్పి తిప్పి వినిపించారు. చివరికి లొంగిపోయాడు. 1992లో అప్పీలు కోర్టు జడ్జీలు ఆ టేపు విని నిర్ఘాంతపోయారు, శిక్షలు రద్దు చేశారు. అసలు హంతకుడు డీఎన్ఏ పరీక్షతో దొరికి, 2003లో నేరం ఒప్పుకున్నాడు. కాగితం మీద వాంగ్మూలం మాత్రమే ఉండుంటే ఆ అరుపులు ఎవరికి వినపడేవి?

సరిగ్గా ఆ అప్పీలు తీర్పు వచ్చిన రోజుల్లోనే ఇంగ్లాండ్, వేల్స్ పోలీసులు పీస్ అనే పద్ధతికి మారారు. ముందుగా సిద్ధమవ్వాలి, ఎందుకు పిలిచామో చెప్పాలి, ఎదుటివారి కథనాన్ని పూర్తిగా విని ఆధారాలతో సరిచూడాలి, ముగింపులో వారికీ ప్రశ్నలడిగే వీలివ్వాలి, తర్వాత మన పనిని మనమే తూచుకోవాలి. లేని సాక్ష్యం ఉందని అబద్ధమాడకూడదు. పొంతన కుదరకపోతే గట్టిగానే అడగొచ్చు, అయితే అది కథనమంతా విన్నాకే. నార్వే దీన్ని తనకు తగ్గట్టు మలచుకుంది. ఇదే దారిలో, బలవంతం లేకుండా ఎలా ప్రశ్నించాలో చెప్పే అంతర్జాతీయ మార్గదర్శకాలు, మెండెజ్ సూత్రాలు, 2021లో వెలువడ్డాయి.

కంపెనీల విచారణాధికారులకు శిక్షణిచ్చే విక్లాండర్-జులావ్‌స్కీ సంస్థ రీడ్ పద్ధతిని నేర్పడం 2017లో మానేసింది. నాకు ఇది కోర్టు తీర్పులంత ముఖ్యమైన విషయం. హెచ్‌ఆర్ గదిలో కూర్చున్న ఉద్యోగి పక్కన సాధారణంగా లాయరుండడు. ఉద్యోగం పోతుందన్న టెన్షన్‌లో, సంతకం పెట్టేస్తే ఇంటికి పోవచ్చనుకుంటాడు. ఆ గదిలో చాలాచోట్ల టేపు కూడా ఉండదు.