ప్రభుత్వ పరిశోధన సంస్థల్లో ఇంటర్న్‌షిప్: అపోహలు - వాస్తవాలు

హైదరాబాదులోని ఒక కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలో నేను ఉపగ్రహ చిత్రాల మీద పని చేస్తాను. చలికాలం మొదలు వేసవి వరకు విద్యార్థుల ఇంటర్న్‌షిప్ దరఖాస్తులు చదవడం కూడా నా పనుల్లో ఒకటి. ఆ దరఖాస్తుల్లోను, "మా అబ్బాయికి ఇస్రోలో ఏమైనా అవకాశం ఉంటుందా అండీ" అంటూ వచ్చే ఫోన్లలోను ఏటా అవే అపోహలు ఎదురవుతుంటాయి కనుక, వాటిలో ముఖ్యమైనవాటికి ఇక్కడ సమాధానాలు రాస్తున్నాను. నిబంధనలు మారుతూ ఉంటాయి. దరఖాస్తు చేసే రోజున ఆయా సంస్థల అధికారిక వెబ్‌సైట్లలో ఉన్నదాన్నే ప్రమాణంగా తీసుకోవాలి.

అపోహ: ఇస్రోకు ఒక దరఖాస్తు పెట్టుకుంటే, వాళ్లే ఎక్కడో ఒకచోట చోటు చూపిస్తారు.

వాస్తవం: అర్హతల చట్రం ఉమ్మడిగా ఉన్నా, ప్రకటన ఇవ్వడం, దరఖాస్తులు తీసుకోవడం, ఎంపిక చేయడం అన్నీ కేంద్రాల వారీగానే జరుగుతాయి. బాలానగర్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం (ఎన్ఆర్ఎస్‌సీ), శ్రీహరికోటలోని సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రం, తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ కేంద్రం, అహ్మదాబాదులోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ - దేని పని దానిదే. రాకెట్ ఇంజిన్ల మీద ఆసక్తి ఉన్న మెకానికల్ విద్యార్థి, ఉపగ్రహ చిత్రాల మీద పని చేసే బాలానగర్‌కు రాస్తే, ఆ దరఖాస్తును రాకెట్లు రూపొందించే తిరువనంతపురానికి పంపించే యంత్రాంగం ఏదీ లేదు.

ఇస్రోలో విద్యార్థులకు రెండు వేర్వేరు పథకాలున్నాయి. ఒకటి ఇంటర్న్‌షిప్, దీని గరిష్ఠ వ్యవధి 45 రోజులు. రెండోది స్టూడెంట్ ప్రాజెక్ట్ ట్రైనీ. ఇది కోర్సులో భాగంగా చేయవలసిన ప్రాజెక్టు కోసం ఉద్దేశించినది. దీనికి బీటెక్ విద్యార్థులు ఆరో సెమిస్టర్ పూర్తి చేసి ఉండాలి, వ్యవధి కూడా కోర్సును బట్టి మారుతుంది. రెండింటికీ కనీసం 60 శాతం మార్కులు లేదా 10కి 6.32 సీజీపీఏ అడుగుతారు. ఈ తేడా తెలియకపోవడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ పాఠ్య ప్రణాళికలోనే ఉంది, అందులో ఒకటి సెమిస్టర్ పొడవునా సాగాలి. సెమిస్టర్ మొత్తానికి క్రెడిట్లు కావలసిన విద్యార్థి 45 రోజుల పథకంలో చేరితే, మిగిలిన నెలలకు కాలేజీలో ఏం చూపించాలన్న సమస్య చివర్లో వచ్చి పడుతుంది. ముందు కాలేజీ ఎన్ని వారాలు అడుగుతోందో కాగితం మీద తెలుసుకుని, ఆ తరువాతే పథకాన్ని ఎంచుకోవాలి.

పైగా ప్రభుత్వ విజ్ఞాన సంస్థలంటే ఇస్రో ఒక్కటే కాదు. తార్నాకలో రసాయన శాస్త్రానికి ఐఐసీటీ, పోషకాహారానికి ఎన్ఐఎన్ ఉన్నాయి. హబ్సిగూడ ప్రాంతంలో కణజీవశాస్త్రానికి సీసీఎంబీ, భూభౌతిక శాస్త్రానికి ఎన్‌జీఆర్ఐ ఉన్నాయి. సముద్ర సమాచారానికి, సునామీ హెచ్చరికలకు ప్రగతి నగర్ వైపు ఇన్‌కాయిస్ ఉంది. కంచన్‌బాగ్ చుట్టూ రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ప్రయోగశాలలు, విశాఖపట్నంలో అదే డీఆర్‌డీఓకు చెందిన నౌకాదళ సాంకేతిక ప్రయోగశాల ఉన్నాయి. తిరుపతికి దగ్గరలోని గాదంకిలో వాతావరణ పరిశోధనకు పెద్ద రాడార్ నడిపే ఎన్ఏఆర్ఎల్ ఉన్నా, ఆ చుట్టుపక్కల ఫిజిక్స్ విద్యార్థులు సైతం బెంగళూరు వైపే చూడడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌ను కూడా చాలామంది ఈ జాబితాలో వేస్తారు గాని, అది భారత ప్రభుత్వ సంస్థ కాదు, అంతర్జాతీయ సంస్థ. దాని పద్ధతులు వేరు.

అపోహ: ఐఐటీ, ఎన్ఐటీ వాళ్లకే ఇస్తారు; మామూలు కాలేజీ వాళ్ల దరఖాస్తు తెరిచి కూడా చూడరు.

వాస్తవం: కనీస మార్కుల గీత దాటిన తరువాత, ఎంపిక చాలావరకు ఒక శాస్త్రవేత్త బల్ల దగ్గరే తేలుతుంది. ఆ శాస్త్రవేత్త తనను తాను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఈ విద్యార్థికి ఉన్న ఆరు వారాల్లోనో నాలుగు నెలల్లోనో పూర్తయ్యేలా, అతనికి వచ్చిన విద్యతో చేయగలిగేలా, నా దగ్గర ఒక చిన్న పని ముక్క ఉందా? ఉంటే తీసుకుంటారు. లేకపోతే తొమ్మిదిన్నర సీజీపీఏ ఉన్నా పక్కన పెట్టవలసి వస్తుంది. విద్యార్థులు దీన్ని పోటీ పరీక్షలాగా భావించి ర్యాంకులు, పతకాలు, హ్యాకథాన్ బహుమతులు వరుసగా పేరుస్తారు; చదివే వ్యక్తి మాత్రం తన దగ్గరున్న పని ముక్కకు సరిపోయే మనిషి కోసం వెతుకుతూ ఉంటాడు.

అందువల్ల చాలా ఉత్తరాలు మొదటి పేరాలోనే చతికిలపడతాయి. నలభై మంది శాస్త్రవేత్తల చిరునామాలను ఒకే వరుసలో పెట్టి పంపిన మెయిళ్లు వస్తాయి; వాటికి ఎవరో ఒకరు జవాబిస్తారులే అని నలభై మందీ అనుకుంటారు కనుక ఎవరూ ఇవ్వరు. గౌరవనీయమైన మీ సంస్థ అంటూ మొదలుపెట్టి, రెండో వాక్యంలో వేరే సంస్థ పేరు తీసేయడం మరిచిపోయిన ఉత్తరాలూ వస్తాయి. పైథాన్, మెషీన్ లెర్నింగ్, క్లౌడ్, బ్లాక్‌చెయిన్ అని నైపుణ్యాల జాబితా ఇస్తారు గాని, వాటిలో దేనితో ఏం చేశారో ఒక్క ముక్క ఉండదు.

దీనికి భిన్నమైన ఉత్తరం ఎలా ఉంటుందో చెబుతాను. కోస్తాలోని ఒక సాధారణ డిగ్రీ కాలేజీ విద్యార్థిని రాసిన దాని సారాంశం ఇది: "కాకినాడ దగ్గర ఉప్పాడ తీరం కోతకు గురవుతున్న విషయం మాకు అందరికీ తెలుసు. ఉచితంగా దొరికే ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాల్లో పాతవి, కొత్తవి దించుకుని, క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో తీరరేఖలు గీసి పోల్చాను. అయితే ఆ చిత్రాలు తీసిన సమయాల్లో సముద్రం ఆటులో ఉందో పోటులో ఉందో నేను లెక్కలోకి తీసుకోలేదు. దాన్ని ఎలా సరిచేయాలో నేర్చుకోవాలనుకుంటున్నాను."

ఇందులో నన్ను ఆపింది చివరి రెండు వాక్యాలు. ల్యాండ్‌శాట్ ఒక ప్రాంతం మీదుగా ఎప్పుడూ దాదాపు ఒకే గడియారపు వేళకు, ఉదయం పూట వెళుతుంది. ఆటుపోట్లు మాత్రం రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతాయి. అంటే రెండు చిత్రాల సమయం ఒకటే అయినా, నీటి మట్టం ఒకటి కాదు. 50 మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలు ఉన్న ఇసుక తీరంలో నీటి మట్టం ఒక మీటరు పెరిగితే, నీటి అంచు 50 మీటర్లు లోపలికి జరిగినట్టు కనిపిస్తుంది. ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక పిక్సెల్ 30 మీటర్లు కనుక, కోతే జరగనిచోట కూడా ఒకటిన్నర పిక్సెళ్లకు పైగా కోత కనిపించే ప్రమాదం ఉంది. ఈ లెక్కంతా ఆ విద్యార్థినికి తెలియనక్కరలేదు. తన ఫలితంలో లోపం ఎక్కడుందో పసిగట్టి, దాన్ని దాచకుండా రాసింది. అటువంటి విద్యార్థికి పని అప్పగించడం తేలిక. ఆమె కాలేజీ పేరు నేను చివర్లో, బోనఫైడ్ సర్టిఫికెట్ చూస్తున్నప్పుడు గాని గమనించలేదు.

కనుక ఉత్తరం ఒక పేజీ దాటనక్కరలేదు. ఏ శాస్త్రవేత్తకు రాస్తున్నారో ఆయన లేదా ఆమె ఇటీవలి పరిశోధన పత్రం ఒకటి చదివి, అందులో దేనికి మీ పని దగ్గరగా ఉందో చెప్పాలి; ఇప్పటికి చేసిన ఒక పనిని, అది ఎక్కడ ఆగిందో రాయాలి; ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఖాళీగా ఉంటారో స్పష్టంగా ఇవ్వాలి. తేదీలు లేని దరఖాస్తులు ఎన్ని వస్తాయో చెబితే నమ్మరు.

అపోహ: పైరవీ లేనిదే పని కాదు.

వాస్తవం: ఇక్కడ నిజాయితీగా రెండు మాటలు చెప్పాలి. పరిచయం అసలు పనికిరాదని నేను అనను. మా విభాగంతో కలిసి పని చేసిన ఒక ప్రొఫెసర్ తన విద్యార్థి గురించి రాసిన ఉత్తరానికి విలువ ఉంటుంది. ఎందుకంటే ఆ విద్యార్థి ఏం చేయగలడో, ఏం చేయలేడో ఆయన స్వయంగా చూశారు. కాని ప్రజాప్రతినిధి లెటర్‌హెడ్ మీద వచ్చే సిఫారసు చివరికి అదే విభాగానికి, అదే ప్రశ్నతో వచ్చి చేరుతుంది: ఈ విద్యార్థి చేయగలిగిన పని మీ దగ్గర ఉందా? దానికి ఆ లెటర్‌హెడ్ జవాబు చెప్పలేదు. ఆ ఉత్తరం కోసం తిరిగే సమయంలో విద్యార్థి తన హెచ్ఓడీ దగ్గర కూర్చుని, తన ప్రాజెక్టు గురించి నాలుగు నిర్దిష్టమైన వాక్యాలు రాయించుకుంటే ఎక్కువ ప్రయోజనం.

అపోహ: కేంద్ర ప్రభుత్వ సంస్థ కనుక స్టైపెండు, హాస్టలు ఇస్తారు.

వాస్తవం: చాలాచోట్ల ఇవ్వరు. ఇస్రో విద్యార్థి పథకాల్లో స్టైపెండు లేదు. ఐఐసీటీ, సీసీఎంబీ వంటివాటిని నడిపే సీఎస్ఐఆర్ (శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి) ప్రయోగశాలల్లో కొన్ని, రసాయనాలకూ పరికరాల వాడకానికీ విద్యార్థుల నుంచే శిక్షణ రుసుము తీసుకుంటాయి. వసతి సాధారణంగా విద్యార్థే చూసుకోవాలి. అనంతపురం నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చేవారు ఈ ఖర్చు లెక్క వేసుకోకుండా ఒప్పుకుని, మధ్యలో మానేయడం విద్యార్థికీ, సంస్థకూ ఇబ్బందే.

డబ్బు ఇచ్చే పథకం కావాలంటే, బెంగళూరు, న్యూఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు జాతీయ విజ్ఞాన అకాడమీలు కలిసి నడిపే వేసవి పరిశోధన ఫెలోషిప్‌ను తప్పక చూడాలి. రెండు నెలల పాటు భృతితో, ప్రభుత్వ ప్రయోగశాలల్లోనూ విశ్వవిద్యాలయాల్లోనూ శాస్త్రవేత్తల దగ్గర పని చేసే వీలు ఉంటుంది. దీని చిక్కల్లా సమయం: వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తులు అంతకుముందు చలికాలంలోనే ముగుస్తాయి. మార్చిలో గుర్తుకు వచ్చేవారికి ఆ ఏటికి తలుపు మూసేసినట్టే.

అపోహ: కొంత డబ్బు కడితే ఇస్రో గుర్తింపు ఉన్న ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తారు.

వాస్తవం: ఏ దళారీకీ అటువంటి అధికారం లేదు. అయితే ఈ మోసం ఎందుకు నమ్మదగినట్టు కనిపిస్తుందో తెలుసుకోవాలి. అంతరిక్ష విజ్ఞానాన్ని విద్యార్థుల్లోకి తీసుకువెళ్లడానికి ఇస్రో 'స్పేస్ ట్యూటర్' పేరుతో కొన్ని బయటి సంస్థలను నమోదు చేసుకుంటుంది. ఆ నమోదు అవగాహన కార్యక్రమాలకు సంబంధించినది, ఇస్రో కేంద్రంలో ఇంటర్న్‌షిప్ ఇప్పించడానికి కాదు. అలాగే దెహ్రాదూన్‌లో ఇస్రోకు చెందిన దూర సంవేదన శిక్షణ సంస్థ ఐఐఆర్ఎస్ ఆన్‌లైన్‌లో ఉచిత కోర్సులు నడుపుతుంది. అవి మంచి కోర్సులు, నేను నా విద్యార్థులకు చెబుతుంటాను కూడా. కాని ఆ సర్టిఫికెట్‌ను రెజ్యూమేలో 'ఇస్రో ఇంటర్న్‌షిప్' అని రాసుకుంటే, చదివే మాకు అది ఏమిటో వెంటనే తెలిసిపోతుంది, ఆ తరువాత మిగతా వివరాలను కూడా అనుమానంతోనే చదువుతాము.

నిజమైన రుసుము ఉన్నచోట అది ఎంపిక తరువాత, సంస్థ పేరు మీద ఉన్న ఖాతాకు, రసీదుతో కడతారు. ఎంపికకు ముందు వ్యక్తి పేరు మీద ఫోన్‌పే చేయమంటే అక్కడితో ఆపేయవచ్చు.

అపోహ: అమెరికాలో చదువుతున్న మనవాళ్లు ఎవరైనా నాసాలో ఇంటర్న్‌షిప్ చేయవచ్చు.

వాస్తవం: నాసాలో విద్యా కార్యక్రమాలు చూసే స్టెమ్ విభాగం నేరుగా ఇచ్చే ఇంటర్న్‌షిప్‌లకు అమెరికా పౌరసత్వం తప్పనిసరి. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఎంఎస్ చేస్తున్నవారికి, తల్లిదండ్రుల ఉద్యోగ వీసాతో వచ్చే హెచ్-4 మీద ఉన్న పిల్లలకు అర్హత లేదు. అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులతో డిగ్రీ విద్యార్థులకు నడిచే వేసవి పరిశోధన పథకానికి కూడా పౌరసత్వం గాని గ్రీన్ కార్డు గాని ఉండాలి. ఎఫ్-1 విద్యార్థులకు ఉన్న ఆచరణీయమైన మార్గం, తమ విశ్వవిద్యాలయంలోనే నాసా గ్రాంటు మీద పని చేస్తున్న ప్రొఫెసర్ దగ్గర రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేరడం.

అపోహ: ఇంటర్న్‌షిప్ చేస్తే తరువాత ఉద్యోగంలో ప్రాధాన్యం ఉంటుంది.

వాస్తవం: ఉండదు. ఇస్రో శాస్త్రవేత్తల నియామకం దాని కేంద్రీకృత నియామక బోర్డు ద్వారా, డీఆర్‌డీఓ శాస్త్రవేత్తల నియామకం గేట్ స్కోరు, ఇంటర్వ్యూల ద్వారా జరుగుతాయి. ఉద్యోగం ఇచ్చే బాధ్యత తమకు లేదని డీఆర్‌డీఓ తన ఇంటర్న్‌షిప్ నిబంధనల్లోనే రాసి పెట్టింది.

అపోహ: లోపలికి వెళితే రాకెట్ల మీదో క్షిపణుల మీదో పని చేయిస్తారు.

వాస్తవం: డీఆర్‌డీఓలో విద్యార్థులను రహస్యం కాని విభాగాల్లోనే ఉంచుతారు, దరఖాస్తు కూడా కాలేజీ ద్వారానే రావాలి. ఇస్రోలోనూ విద్యార్థికి అప్పగించే పని ఎక్కువగా డేటాను శుభ్రం చేయడం, ఒక అల్గారిథమ్‌ను పరీక్షించడం, ఒక సెన్సర్ కొలతలను మరొకదానితో పోల్చడం వంటిదిగా ఉంటుంది. మొదటి వారం నిరాశగా కనిపించేవారు చాలామంది, డేటాలో ఏదో ఒక వింత తేడా కనిపించగానే దాని వెంట పడడం చూస్తుంటాను.

భద్రత నిబంధనల విషయంలో మాత్రం ముందే సిద్ధపడాలి. అనేక కేంద్రాల్లో ఫోను గేటు దగ్గరే అప్పగించాలి, సొంత ల్యాప్‌టాప్, పెన్‌డ్రైవ్ లోపలికి తీసుకువెళ్లనివ్వరు. అంటే రాసిన కోడు, తయారు చేసిన పటాలు అన్నీ అక్కడి కంప్యూటర్‌లోనే ఉండిపోతాయి, అనుమతి లేకుండా ఒక్క స్క్రీన్‌షాట్ కూడా బయటికి రాదు. కాలేజీలో సమర్పించవలసిన రిపోర్టును ముందుగా గైడు, ఆ పైన విభాగాధిపతి చదివి ఆమోదించాలి. ఏదైనా అధ్యాయం తీసేయమనవచ్చు, ఒక పటం రిజల్యూషన్ తగ్గించమనవచ్చు. వైవాకు రెండు రోజుల ముందు రిపోర్టు తెచ్చి సంతకం అడిగితే, గైడుకు ఎంత ఇష్టమున్నా ఆ సంతకం ఆయన చేతిలో ఉండదు. చేరిన మొదటి వారంలోనే కాలేజీ వైవా తేదీని గైడుకు చెప్పి, ఆమోదానికి కనీసం రెండు వారాలు మిగిలేలా రిపోర్టును ముగించుకోవాలి. కోడు చూపించమని పట్టుబట్టే పరీక్షకులు ఉంటే, ఆ విషయంలో కాలేజీకి సంస్థ నుంచి ఒక ఉత్తరం కూడా అప్పుడే అడిగి తీసుకోవాలి.