ఎడిటర్‌లో టెర్మినల్: నొక్కిన కీ ఎవరికి చేరాలి?

ఈమాక్స్ అనే ఎడిటర్‌లో ఒక టెర్మినల్, అంటే కమాండ్లు టైప్ చేసే తెర, తెరిచారు. అందులోంచి ఎస్ఎస్‌హెచ్‌తో దూరంలోని సర్వర్‌లోకి వెళ్లి, అక్కడ విమ్ అనే ఇంకో ఎడిటర్‌లో ఫైల్ తెరిచారు. ఇప్పుడు కంట్రోల్-సి నొక్కితే ఎవరు అందుకోవాలి? ఈమాక్సా, టైప్ చేసిన కమాండ్లని నడిపే షెల్లా, అవతలి విమ్మా? ముగ్గురికీ ఆ కీతో పని ఉంది. కొత్తవాళ్లు ఇక్కడ తమ సెట్టింగ్స్‌లోనే ఏదో తేడా ఉందనుకుని రాత్రంతా కాన్ఫిగ్ ఫైళ్లు తిరగేస్తారు. అంత టెన్షన్ పడక్కర్లేదు, తప్పు వాళ్లది కాదు. ఈ తగాదా 1960ల నుంచి నడుస్తోంది.

అక్షరాలకి సంఖ్యలిచ్చే ఆస్కీ ప్రమాణం మొదటి రూపం, తీగ మీద అక్షరాలు పంపి అచ్చు కొట్టే టెలిటైప్ మోడల్ 33 యంత్రం రెండూ 1963లో వచ్చినవే. ఆస్కీలో మొదటి 32 సంకేతాలు అక్షరాలు కావు, యంత్రానికిచ్చే ఆదేశాలు. కంట్రోల్ కీ చేసే పనల్లా అక్షరం సంఖ్యలోని పై బిట్లు తీసేసి ఈ 32లో ఒకదాన్ని పంపడమే. క్యాపిటల్ సి సంఖ్య 67, కంట్రోల్-సి 3. క్యాపిటల్ ఐ 73, కంట్రోల్-ఐ 9. ఈ 9 ట్యాబ్ సంకేతం కూడా. అలాగే కంట్రోల్-ఎం, ఎంటర్ రెండూ 13. ఎడమ చదరపు బ్రాకెట్‌తో కంట్రోల్ నొక్కినా, ఎస్కేప్ నొక్కినా వెళ్లేది 27. తీగ మీద వెళ్లేది ఆ ఒక్క బైటే కాబట్టి ఏ కీ నొక్కారన్నది అవతలివాళ్లకి తెలిసే దారి లేదు. ట్యాబ్‌కి ఒక పని, కంట్రోల్-ఐకి ఇంకో పని పెట్టుకుందామంటే టెర్మినల్‌లో కుదరకపోవడానికి మూలం ఇదే.

1978లో డెక్ కంపెనీ వీటీ100 అనే, తెరా కీబోర్డూ ఉన్న టెర్మినల్ యంత్రం వచ్చాక చిక్కు ఇంకాస్త పెరిగింది. పై బాణం కీ నొక్కితే ఎస్కేప్, చదరపు బ్రాకెట్, ఏ అని మూడు బైట్లు వెళ్తాయి. ఆల్ట్‌తో ఎఫ్ నొక్కితే చాలా టెర్మినళ్లు ఎస్కేప్, ఎఫ్ అని పంపుతాయి. మరి ఒంటరిగా ఎస్కేప్ వస్తే? దాని వెనక ఇంకేమైనా వస్తుందేమోనని ప్రోగ్రాం కాసేపు ఆగి చూడాల్సిందే. విమ్ నుంచి పుట్టిన నియోవిమ్ మామూలుగా 50 మిల్లీసెకన్లు ఆగుతుంది. ఒకే టెర్మినల్‌లో పలు షెల్లు నడిపించే టీమక్స్ చాలా ఏళ్లపాటు 500 మిల్లీసెకన్లు ఆగేది. టీమక్స్‌లో విమ్ వాడేవాళ్లకి ఎస్కేప్ నొక్కాక అర సెకను బండి ఆగినట్టు అనిపించింది అందుకే.

ఆ తర్వాత నిజమైన టెర్మినళ్లు పోయి వాటిని అనుకరించే ప్రోగ్రాములు వచ్చాయి. ఎక్స్‌టర్మ్ 1984 నాటిది. అప్పటికే యూనిక్స్‌లో సూడో టెర్మినల్ అనే ఏర్పాటు ఉంది. దానివల్ల ఏ ప్రోగ్రాం అయినా షెల్ ముందు టెర్మినల్‌లా నటించగలదు, ఎడిటర్‌తో సహా. ఈమాక్స్‌లోని షెల్ మోడ్ ఆ నటన పూర్తిగా చెయ్యదు. వరుస మొత్తం తన దగ్గరే దిద్దించి, ఎంటర్ కొట్టాకే షెల్‌కి పంపుతుంది. అసలైన టెర్మినల్ కావాలన్నవాళ్ల కోసం 1990లలో పెర్ బోత్నర్ టర్మ్ మోడ్ రాశారు. అందులో రెండు స్థితులున్నాయి. క్యారెక్టర్ మోడ్‌లో దాదాపు ప్రతి కీ నేరుగా షెల్‌కి పోతుంది. లైన్ మోడ్‌లో కీలన్నీ ఈమాక్స్‌వే. కంట్రోల్-సి ఈమాక్స్ అట్టిపెట్టుకుంది కాబట్టి, లోపలి ప్రోగ్రాంని ఆపాలంటే దాన్ని రెండుసార్లు నొక్కాలి.

విమ్ వైపు చాలాకాలం ఇదేం వద్దన్నారు. విమ్ షెల్ కాదు, దాన్నే షెల్ లోపల వాడుకోండి అని దాని సహాయ పత్రాల్లోనే రాసి ఉండేది. 2015లో నియోవిమ్ పాల్ ఎవాన్స్ రాసిన లిబ్‌వీటర్మ్ అనే టెర్మినల్ లైబ్రరీని తీసుకుని టెర్మినల్ పెట్టింది. 2018 మేలో విమ్ 8.1 కూడా అదే లైబ్రరీతో టెర్మినల్ ఇచ్చింది. ఈమాక్స్‌లో వాడే వీటర్మ్ అనే టెర్మినల్‌కి ఆధారం కూడా అదే. తెర మీద గీసే పని మూడింటికీ ఒకచోటి నుంచే వచ్చినా, కీల పంపకంలో మాత్రం ఎవరి దారి వాళ్లదే. విమ్ కంట్రోల్-డబ్ల్యూ తనకి ఉంచుకుంది. షెల్‌లో వెనక పదం చెరిపే కీ అదే కాబట్టి, ఇప్పుడు దాని తర్వాత చుక్క కూడా కొట్టాలి. నియోవిమ్ దాదాపు అన్నీ షెల్‌కి వదిలేసి, కంట్రోల్-బ్యాక్‌స్లాష్ తర్వాత కంట్రోల్-ఎన్ కొడితేనే బయటికి రానిస్తుంది. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో ఏ ఆదేశాలు షెల్‌కి వెళ్లకూడదో ఒక జాబితానే ఉంది. లినక్స్‌లో పాత కమాండ్ కోసం కంట్రోల్-పి నొక్కినవాళ్లకి ఫైల్ వెతికే పెట్టె ఎదురయ్యేది ఆ జాబితా వల్లే. నా మటుకు నియోవిమ్ పద్ధతే న్యాయంగా కనిపిస్తుంది. బయటపడే కీలు వేళ్లకి కష్టమే గానీ, షెల్ అలవాట్లు చెడవు.

షెల్ సెటప్ గొడవ వేరు. టెర్మినల్‌కి కనిపించేది బైట్ల ప్రవాహమే. ప్రాంప్ట్ (కమాండ్ కోసం షెల్ చూపే గుర్తు) ఎక్కడ మొదలైందో, ఇప్పుడు ఏ డైరెక్టరీలో ఉన్నామో దానికి తెలియదు. ఈమాక్స్ షెల్ మోడ్ డైరెక్టరీ మార్చడానికి మనం టైప్ చేసే సీడీ కమాండ్లని చదివి డైరెక్టరీ ఊహిస్తుంది. సొంత ఏలియాస్‌తో, అంటే కమాండ్‌కి మనం పెట్టుకున్న మారుపేరుతో మారితే ఆ ఊహ తప్పి, ఫైల్ తెరవబోతే పాత డైరెక్టరీ చూపిస్తుంది. అందుకే ప్రతి ప్రాంప్ట్‌తో పాటు కంటికి కనిపించని గుర్తు ఒకటి పంపమని షెల్‌కే నేర్పడం మొదలైంది. వీటర్మ్ వాడేవాళ్లు బాష్ అనే షెల్ సెట్టింగ్స్ ఫైల్ బాష్‌ఆర్‌సీలో నాలుగు వరుసలు చేర్చుకునేది ఇందుకే. వీఎస్ కోడ్ 2022 నుంచి ఆ వరుసల్ని తనే షెల్‌లోకి ఎక్కిస్తోంది.

దీనికి తోడు లాగిన్ షెల్ (లాగిన్ అయినప్పుడు మొదలయ్యే తరహా షెల్) తేడా ఒకటి. బాష్ లాగిన్ షెల్‌గా మొదలైతే బాష్‌ప్రొఫైల్ చదువుతుంది, మామూలుగా మొదలైతే బాష్‌ఆర్‌సీ. మ్యాక్‌లో టెర్మినల్ యాప్ లాగిన్ షెల్‌నే తెరుస్తుంది. డాక్ నుంచి తెరిచిన ఎడిటర్‌కి అక్కడ పెట్టుకున్న పాత్, అంటే కమాండ్లు వెతికే డైరెక్టరీల జాబితా, అందదు. బయట చక్కగా నడిచే కమాండ్ లోపల దొరకలేదనడం చాలావరకు ఇక్కడి నుంచే.

కీల మూల సమస్యకి మందు లేకపోలేదు. కిట్టీ టెర్మినల్ కోసం కోవిద్ గోయల్ రూపొందించిన ప్రోటోకాల్‌లో కంట్రోల్-ఐ ట్యాబ్‌గా మారిపోకుండా, స్మాల్ ఐ అక్షరం సంఖ్య 105, కంట్రోల్ గుర్తు 5 అని విడివిడిగా వెళ్తుంది. అయితే బయటి టెర్మినల్, ఎడిటర్, లోపలి టెర్మినల్, చివరి ప్రోగ్రాం అన్నిటికీ ఆ భాష రావాలి. మధ్యలో ఒక్కదానికి రాకపోయినా మళ్లీ ఆ ఒక్క బైటే.

తెలుగు టైప్ చేసేవాళ్లకి ఇందులో ప్రత్యేకమైన మెలిక ఉంది. ఈమాక్స్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్ టైపింగ్ పద్ధతులు రెండూ ఉన్నాయి, ఇంగ్లిష్ నుంచి వాటికి మారే కీ కంట్రోల్-బ్యాక్‌స్లాష్. యూనిక్స్ టెర్మినల్‌లో అదే కీ నడుస్తున్న ప్రోగ్రాంని చంపే సంకేతం. టర్మ్ క్యారెక్టర్ మోడ్‌లో భాష మారుద్దామని నొక్కితే అది లోపలికి పోయి, నడుస్తున్న స్క్రిప్ట్ ఆగిపోతుంది. ఇక 'శ్రీ' అని రాస్తే యూనికోడ్‌లో నాలుగు సంకేతాలు. టెర్మినల్ లెక్కలో శ, ర లకి చెరో గడి (ఒక అక్షరం పట్టే చోటు), మిగతా రెంటికీ సున్నా. తెర మీద ఒక్క అక్షరంగా కలిసినా లెక్కలో రెండు గడులే కాబట్టి, కర్సర్ పక్కకి జరిగి నిలబడుతుంది. గడుల లెక్క మన చేతిలో లేదు. భాష మార్పుకి మాత్రం దారుంది. కంట్రోల్-సి, కంట్రోల్-జె కొట్టి లైన్ మోడ్‌కి వచ్చి, తెలుగులో రాసి ఎంటర్ చేశాక కంట్రోల్-సి, కంట్రోల్-కెతో వెనక్కి వెళ్లొచ్చు. ఐబస్ లాంటి సిస్టమ్ స్థాయి ఇన్‌పుట్ వాడేవాళ్లకి ఈ తిప్పలు ఉండవు.