టేకు కొనే ముందు ఒక్క ఫోన్ చెయ్యండి: పాత స్పీకర్ పెట్టెల మీద అపోహలు - వాస్తవాలు

నెలకు రెండు ఫోన్లయినా ఇలాగే మొదలవుతాయి. "అన్నా, మంచి చేవ టేకు దొరికింది, కొనేశాను. మా నాన్నగారి స్పీకర్లకు పెట్టెలు చెయ్యాలి. పాతవి ఉత్త పొట్టు చెక్క (పార్టికల్ బోర్డు), పడేశాం." ఆ చివరి మాటకు నా ప్రాణం ఉసూరుమంటుంది. టేకు సంగతి తర్వాత. ముందు ఆ పడేసిన పెట్టె ఎక్కడుంది? చెత్తబండి ఎక్కిందా, ఇంకా మెట్ల కిందే ఉందా?

చెన్నైలో పాత స్పీకర్లకు, రేడియోగ్రాములకు పెట్టెలు కట్టి పాలిష్ చెయ్యడం నా పని. నాన్న గూడూరు నుంచి వచ్చి వడపళనిలో సినిమా సెట్టింగులకు వడ్రంగం చేశాడు. ఉలి పట్టడం ఆయన దగ్గర నేర్చుకున్నాను, స్పీకర్ల పిచ్చి మాత్రం ఎలక్ట్రానిక్స్ దుకాణాల రిచీ స్ట్రీట్ అంటించింది. ఇన్నేళ్లలో జనం డబ్బు ఎక్కువగా ఒక్క నమ్మకం మీదే పోవడం చూశాను. అందుకని దాని గురించే ఎక్కువ రాస్తాను. మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: టేకు చెక్కతో చేస్తే సౌండ్ పెరుగుతుంది

దీని వెనక వీణ ఉంది. "బొబ్బిలి వీణను పనస మొద్దు నుంచి తొలుస్తారు కదా, చెక్కలో నాదం ఉండబట్టే కదా?" అని అడుగుతారు. వీణ విషయంలో నూటికి నూరుపాళ్లు నిజం. తీగ ఒక్కటే మీటితే పక్క గదికి కూడా వినపడదు, కుండ మోగాలి. స్పీకర్‌లో మోగాల్సింది కోన్, అంటే ముందు కదిలే గరాటు లాంటి భాగం. పెట్టె పని నోరు మూసుకుని కూర్చోవడం. అది కూడా పాడటం మొదలుపెడితే ఏ పాట పెట్టినా, ఎవరు పాడినా ఒకే చోట ఒకే రకం 'గుమ్' వస్తుంది. వారం రోజులు అది బేస్ అనుకుంటారు. తర్వాత తలనొప్పి వస్తుంది.

మరి పెట్టెలో ముఖ్యమైనది ఏమిటంటే, లోపలి గాలి. 1954లో ఎడ్గర్ విల్చర్ అమెరికాలో ఏఆర్-1 స్పీకర్ తెచ్చినప్పటి నుంచి మూసిన పెట్టెల్లో గాలే స్ప్రింగ్. వూఫర్ (బేస్ పలికే పెద్ద స్పీకర్) కోన్‌ను పట్టుకునే సస్పెన్షన్‌ను కావాలనే మెత్తగా వదిలి, దాన్ని వెనక్కి లాగే పనిని పెట్టెలోని గాలికి అప్పగించారు. గాలి ఎన్ని లీటర్లో మారిస్తే స్ప్రింగ్ మారినట్టే. ఎఫ్ఎస్ (పెట్టె లేకుండా దాని రెజొనెన్స్, అంటే తనంత తాను ఊగే స్వరం) 25 హెర్ట్జ్, క్యూటీఎస్ (ఆ ఊపు ఎంత త్వరగా ఆగుతుందో చెప్పే అంకె) 0.4, వీఏఎస్ (దాని సస్పెన్షన్ బిగువుకు సమానమైన గాలి) 100 లీటర్లు ఉన్న వూఫర్ ఒకటి అనుకోండి. 50 లీటర్ల మూసిన పెట్టెలో దాని క్యూటీసీ (పెట్టెలో పెట్టాక అదే ఊపు అంకె) 0.69, రెజొనెన్స్ 43 హెర్ట్జ్. 'చిన్నదైతే హాల్లో ముద్దుగా ఉంటుంది' అని 25 లీటర్లలో కుక్కితే క్యూటీసీ 0.89కి, రెజొనెన్స్ 56కి ఎక్కుతాయి. మృదంగం ఎడమవైపు లోతు పోయి అట్టపెట్టె మీద కొట్టినట్టు ఉంటుంది. ఆ నష్టాన్ని ఏ టేకూ పూడ్చలేదు.

"నేను సైజు మార్చలేదు, బయటి కొలతలు అవే ఇచ్చాను" అంటారు. తప్పు జరిగేది సరిగ్గా అక్కడే. బయట 60 × 35 × 30 సెంటీమీటర్లున్న పెట్టె 18 మిల్లీమీటర్ల గోడలతో ఉంటే లోపల దాదాపు 46.7 లీటర్లు. అదే బయటి కొలతకు 25 మిల్లీమీటర్ల టేకు పలక వాడితే లోపల 41.2 లీటర్లే. ఐదు లీటర్లకు పైగా ఎగిరిపోయింది, ఇంకా లోపలి బద్దలు లెక్కలోకి రాలేదు. మంచి ఆచారి చేతిలోనూ ఇది జరుగుతుంది, ఆయన బీరువా కొలిచినట్టు కొలుస్తాడు కాబట్టి. తప్పు ఆయనది కాదు, కొలత ఇచ్చినవాడిది. మనం లోపలి కొలత ఇవ్వాలి. పోర్ట్ (గాలి ఆడే గొట్టం) ఉన్న పెట్టె అయితే ఆ గొట్టం పొడవు, వ్యాసం కూడా అంతే ముఖ్యం. "బేస్ చాలడం లేదు, వెనక ఒక రంధ్రం కొడదామా?" అని ఎవరైనా డ్రిల్లు పట్టుకుని వస్తే, దయచేసి ఆ డ్రిల్లు లాక్కోండి.

ఈ లెక్కలు నావి కావు. నెవిల్ థీల్ 1961లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టారు, 1970ల్లో రిచర్డ్ స్మాల్ పూర్తి చేశారు. అంతకు ముందు కట్టిన పెట్టెలు చాలావరకు చెవితో, అనుభవంతో సరిచేసినవి. కాబట్టి అంత పాత డ్రైవర్లకు (పెట్టెలో బిగించే స్పీకర్లకు) డేటాషీట్, అంటే కంపెనీ ఇచ్చే కొలతల కాగితం, దొరక్కపోతే అసలు పెట్టే మన డేటాషీట్. అందుకే పడేశారంటే నాకు అంత బాధ.

ఇంక చెక్క గుణం. టేకు మంచి చెక్కే, కాదన్నవాడికి కళ్లు పోతాయి. కానీ ఏ నిండు చెక్కైనా గాలిలో తేమను బట్టి అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. పొడవున దాదాపు కదలదు. 30 సెంటీమీటర్ల టేకు పలకలో తేమ నాలుగు శాతం మారితే, కోసిన తీరును బట్టి వెడల్పులో ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల తేడా వస్తుంది. మంచానికి, తలుపుకు అది లెక్కలోది కాదు. స్పీకర్ పెట్టెలో మాత్రం లోపల అడ్డంగా అంటించిన బద్దలు, ప్లై బాఫిల్ (స్పీకర్ బిగించే ముందు పలక) ఆ పలకను కదలనివ్వవు. కదలనివ్వకపోతే అది చీలుతుంది, లేదా అతుకు విడిపోతుంది. మూసిన పెట్టెకు వెంట్రుకవాసి చీలిక చాలు, గాలి స్ప్రింగ్ తుస్సుమంటుంది.

ఇది పుస్తకం చూసి చెప్పడం లేదు. పని కొత్తలో నేనూ టేకు మోజులో పడ్డవాణ్నే. కార్తీక మాసంలో, బయట వాన పడుతుండగా, ఒక జత నిండు టేకుతో కట్టాను. అద్దంలా వచ్చాయి. బెంగళూరు జయనగర్‌లో ఒక డాక్టరుగారింటికి పంపాను. మార్చి నెల, అక్కడి పొడి గాలి. ఒక రాత్రి పదకొండింటికి ఫోన్: "పెట్టెలో ఏదో టప్‌మని విరిగిందయ్యా." ఆయన భయపడింది వూఫర్ పోయిందేమోనని. పోయింది నా పక్క పలక, పైనుంచి కింద దాకా నెర్రె. రెండూ వెనక్కి తెప్పించి, ప్లైతో మళ్లీ కట్టి, పైన టేకు వెనీర్ (పల్చటి టేకు పొర) వేసి పంపాను. ఆ ఏడాది ఉగాదికి ఇంట్లో ఎవరికీ కొత్త బట్టల్లేవు.

గోడ ఎంత మందంగా ఉంటే అంత మంచిదనేది ఈ అపోహకే తమ్ముడు. బీబీసీ ఇంజినీర్లు 1970ల్లో రూపొందించిన ఎల్ఎస్3/5ఏ స్పీకర్ గోడలు 12 మిల్లీమీటర్ల బిర్చ్ ప్లై మాత్రమే. పల్చటి గోడ, దాని లోపల మోత అణిచే డ్యాంపింగ్ షీట్లు. వార్ఫ్‌డేల్ స్పీకర్ కంపెనీ స్థాపించిన గిల్బర్ట్ బ్రిగ్స్ అయితే రెండు ప్లై పలకల మధ్య ఇసుక నింపారు. ఇద్దరి దారులూ వేరు, ఇద్దరూ చేసింది మాత్రం చెక్క గొంతు నొక్కడమే.

పోయిన ఆడి మాసంలో టీ.నగర్ నుంచి ఒక పెద్దాయన ఆటోలో ఒక పెట్టె, వెనకాల ఇంకో ఆటోలో ఇంకో పెట్టె వేసుకుని వచ్చారు. 1970ల్లో వాళ్ల అన్నగారు అమెరికా నుంచి తెచ్చుకున్న జత. ఆయన పోయాక ఇరవై ఏళ్లు అటక మీద ఉన్నాయట. "నాకు వీటి గురించి ఏమీ తెలియదు బాబూ, మా అన్న రోజూ వినేవాడు. ఇప్పుడు పెడితే పీలగా ఉంది. పెట్టె కుళ్లిపోయింది, టేకుతో చేయించమన్నారు" అన్నారు. వాల్‌టాక్స్ రోడ్డులో టేకు కొని ఇంట్లో పెట్టారప్పటికే. గొంతులో టెన్షన్ తెలుస్తోంది, ఎక్కడ తప్పు చేస్తానో అని. నేను వూఫర్ కోన్‌ను నాలుగు వేళ్లతో, నాలుగు వైపులా సమానంగా, మెల్లగా లోపలికి నొక్కి వదిలాను. మంచి మూసిన పెట్టెలో అది బద్ధకంగా వెనక్కి రావాలి. ఇది టక్కున వచ్చేసింది, అంటే గాలి లీకు. వెనక అతుకులో బంక ఎండి ఊడింది, వూఫర్ కింద గాస్కెట్ పొడైపోయింది. అతుకులు లోపలి నుంచి ఫెవికాల్‌తో నింపి, బిగించి, కొత్త గాస్కెట్ వేశాను. నాలుగు రోజుల పని. పొట్టు చెక్క పెట్టె అలాగే ఉంది. విని ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ టేకుతో తర్వాత వాళ్లింట్లో ఉయ్యాల బల్ల చేసిచ్చాను, బ్రహ్మాండంగా వచ్చింది.

అసలు పెట్టె నిజంగానే పోయినవాళ్లు 18 మిల్లీమీటర్ల మంచి ప్లై వాడండి. మెరైన్ అని ముద్ర చూసి ఆగిపోకండి, కోసిన అంచు చూడండి. పొరల మధ్య ఖాళీలు ఉంటే ఒక స్వరం దగ్గర జుయ్‌మంటుంది, అదెక్కడి నుంచి వస్తుందో వెతకలేక చస్తాం. టేకు మీద మనసుంటే వెనీర్‌గా, అంచు బీడింగ్‌గా వాడుకోండి. కంటికి టేకే కనపడుతుంది.

అపోహ: మెషిన్ పెట్టి గీకితే పాత పెట్టె కొత్తదవుతుంది

డబ్బు పోగొట్టే వాటిలో ఇది రెండోది. ఆ రోజుల పెట్టెల మీద వెనీర్ మందం సాధారణంగా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. సాండర్ పెట్టారంటే మూలల దగ్గర రెప్పపాటులో కింది పొట్టు బయటపడుతుంది. అక్కడ ఏ రంగు పూసినా దాగదు. ముందు కనపడని చోట దూదితో స్పిరిట్ తాకించండి. జిగట అయితే అది లక్క పాలిష్. స్పిరిట్‌కు కదలకుండా థిన్నర్‌కు కరిగితే లాకర్ అనే మెరుపు పూత. రెండింటికీ కదలకపోతే నూనె పట్టించినదో, పియు (పాలీయురెథేన్) పూతో అయ్యుంటుంది. లక్క అయితే గీకే పనే లేదు, స్పిరిట్ గుడ్డతో పాత పాలిష్‌నే మళ్లీ పరిచేయొచ్చు. పూలకుండీ పెట్టిన చోట తెల్లటి వలయం ఉంటే అది పాలిష్‌లో ఉంది, తేలిగ్గా పోతుంది. నల్లగా ఉంటే నీరు చెక్కలోకి దిగింది, అది వేరే కథ. గీకాలే అనిపిస్తే చేత్తో, చెక్క ముక్కకు చుట్టిన నున్నటి ఉప్పుకాగితంతో, గీత వెంబడి మాత్రమే. అంచుల దగ్గర చెయ్యి తేలిక చెయ్యండి.

మిగతావి, చకచకా

'పియు పాలిష్ వేస్తే సౌండ్ మారుతుంది.' మారదు. బిల్లు మారుతుంది.

'ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసిన పలక) చెత్త.' సౌండ్ వరకు కాదు, మంచి మూగ చెక్క. నీళ్లకు మాత్రం పనికిరాదు. 2015 డిసెంబరు వరదల తర్వాత కొట్టూర్‌పురం నుంచి వచ్చిన ఎండీఎఫ్ పెట్టెల అడుగులు అటుకుల్లా ఉబ్బిపోయి ఉన్నాయి, ఆరబెట్టినా మళ్లీ తగ్గలేదు. అందుకే కింది అంతస్తులో ఉండేవాళ్లకు నేను ప్లై చెప్తాను.

'లోపలి దూది తీసి బూరుగుదూది నింపితే మంచిది.' ఎవరు పుట్టించారో ఈ మాట. లోపలిది ఏ రకం, ఎంత బరువు అనేది కూడా లెక్కలో భాగమే. ఎంత తీశారో తూకం వేసి రాసుకోండి. ఫైబర్‌గ్లాస్ అయితే మాస్కు, గ్లౌజులు లేకుండా ముట్టుకోకండి.

'బరబరమంటోంది, పెట్టె పోయింది.' ముందు వూఫర్ అంచు వేలితో తాకి చూడండి. ఫోమ్ అంచు అయితే మన ఊరి తేమకు పదిహేను, ఇరవై ఏళ్లలో జీళ్లపాకంలా జిగురైపోయి రాలుతుంది. అంచు మార్పించుకుంటే సరిపోతుంది, కంగారు పడొద్దు.

'వాల్వు రేడియోకు వెనక ప్లైతో మూసేస్తే బొద్దింకలు రావు, బేస్ వస్తుంది.' ఆ బెజ్జాల అట్ట ఊరికే పెట్టలేదు బాబూ. వాల్వుల వేడి పోయేది అందులోంచే, ఆ స్పీకర్ వెనక గాలి ఆడాల్సిందీ అందులోంచే. మూసి తెచ్చిన రేడియో ఒకటి చూశాను, ట్రాన్స్‌ఫార్మర్ మైనం కారి కింద పేరుకుని ఉంది.

'ముందు గుడ్డ ఏదైనా ఒకటే.' నోటి దగ్గర పెట్టుకుని ఊదండి. ఊపిరి సులువుగా అవతలికి పోతే పనికొస్తుంది. సోఫా గుడ్డ పనికిరాదు.

'పాలిష్ దీపావళి లోపల అయిపోవాలి.' ప్రతి ఏడాదీ ఇదే గొడవ. ఐప్పసి (అక్టోబరు-నవంబరు) వానల్లో లక్క పాలిష్ కొడితే, స్పిరిట్ ఆవిరయ్యేటప్పుడు పైభాగం చల్లబడి గాలిలోని తేమను పట్టుకుంటుంది, తెల్లగా మబ్బు కమ్ముతుంది. ఆరిన రోజు కోసం ఆగాల్సిందే. పండగ దాటినా నన్ను తిట్టుకోవద్దు.

నా దగ్గరికి తెచ్చేటప్పుడు ఊడిన వెనీర్ చెక్కులు, విరిగిన బీడింగు ముక్కలు, పాత స్క్రూలు, లోపలి దూది అన్నీ ఒక సంచిలో వేసి తీసుకురండి. మెట్ల కింద పెట్టె ఇంకా ఉంటే, అది కూడా.