కణత: పుర్రెలో పలచటి చోటు

చెవి ముందు నుంచి కంటి వైపు వేలు జరపండి. అడ్డంగా ఒక ఎముక గట్టు తగులుతుంది. ఆ గట్టు నడిమికి రెండు వేళ్లంత పైన, కంటి బయటి అంచు ఎముకకు బొటనవేలంత వెనక ఉన్న చోటును వైద్యులు టెరియాన్ అంటారు. నుదుటి ఎముక, నెత్తికి పక్కనుండే పరైటల్ ఎముక, కణత ఎముక, కళ్ల వెనకుండే స్ఫీనాయిడ్ ఎముక, నాలుగూ అక్కడే కలుస్తాయి.

పుర్రెలో ఎముకలు 22. మెదడును కప్పేవి 8, ముఖానివి 14. కదిలేది కింది దవడ ఒక్కటే. తక్కినవి ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. నెత్తి మీద ఆ అతుకులు రంపపు పళ్లలాంటి కుట్లు. చంటిబిడ్డకు ఎముకల మధ్య ఇంకా ఖాళీ ఉంటుంది గనకే మాడు మెత్తగా కొట్టుకుంటుంది. మామూలుగా ఏడాదిన్నరకల్లా పూడుతుంది, ఆముదం అద్దినా అద్దకపోయినా.

కణత ఎముక తీరే వేరు. పైభాగం రేకు, ఎండిన పుర్రెను వెలుతురుకు పట్టుకుంటే కొన్నిచోట్ల కాంతి ఇవతలికి కనిపిస్తుంది. అదే ఎముక లోపలికి వెళ్లేసరికి పుర్రె మొత్తంలోకీ గట్టిదవుతుంది. లోచెవి ఉండేది ఆ ముక్కలోనే. దాని పేరు పెట్రస్, అంటే రాయిలాంటిదని. అప్పడమూ చీమకుర్తి గ్రానైటూ ఒకే ఎముకలో ఉన్నాయన్నమాట.

అప్పడం వైపే ప్రమాదం. దాని వెనక, ఎముకకూ మెదడు పైపొరకూ మధ్య, ఎముకలోనే గాడి చేసుకుని ఒక ధమని పోతుంది. ఎముక చిట్లితే ధమనీ తెగుతుంది. గుండె కొట్టే ఒత్తిడికి రక్తం ఆ పొరను ఎముక నుంచి ఊడదీస్తూ పేరుకుంటుంది. కుట్ల దగ్గర పొర గట్టిగా అంటుకుని ఉంటుంది కాబట్టి రక్తం పక్కకు పాకలేక మెదడు మీదికి ఉబ్బుతుంది. సీటీ స్కాన్‌లో అది భూతద్దం ఆకారంలో తెల్లగా కనిపిస్తుంది.

మోసం ఇక్కడే ఉంది. కావలి, ఒంగోలు మధ్య హైవే మీద బండి జారి పడ్డవాడు కాసేపు స్పృహ తప్పి లేస్తాడు. మాట్లాడతాడు, టీ తాగుతాడు. "ఏం కాలా, బాగానే ఉండాడు" అని ఇంటికి తీసుకుపోతారు. కొన్ని నిమిషాలకో, గంటలకో తలనొప్పి పెరుగుతుంది, వాంతులవుతాయి, మత్తు కమ్ముతుంది. దెబ్బ తగిలిన వైపు కంటిపాప పెద్దదై, రెండోవైపు చెయ్యీ కాలూ పట్టు తప్పితే మెదడు నలుగుతోందని అర్థం. అలసిపోయాడు, పడుకోనిద్దాం అనుకోవడం కన్నా పెద్ద పొరపాటు లేదు. స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి. వేళకు ఎముక తెరిచి ఆ రక్తపు గడ్డ తీసేస్తే చాలామంది కోలుకుంటారు, ఎందుకంటే చాలాసార్లు దెబ్బ మెదడుకు కాదు, నాళానికి.

నెత్తిన టోపీలా కూర్చునే సగం హెల్మెట్ కణతను వదిలేస్తుంది. చెవులు దాటి దిగేది, ఐఎస్ఐ గుర్తున్నది కొనండి. గడ్డం కింద పట్టీ బిగించండి. దెబ్బను మింగేది పైడిప్ప ఒక్కటే కాదు, లోపలి థర్మకోల్ కూడా. అది నలిగితే మళ్లీ ఉబ్బదు, కాబట్టి ఒకసారి పడ్డ హెల్మెట్ పైకి బాగున్నట్టు కనిపించినా పనికిరాదు.