శివారు దాకా నెత్తురు పారాలంటే

‘ల్యాబులో ఎముక పెంచుతున్నారట కదా, మరి మా నాన్నగారి కాలికి ఇంకా రాడ్డే ఎందుకు వేశారండీ?’ అని రాజోలు నుంచి ఒక పాఠకురాలు అడిగారు. ఎముకంటే సున్నం ముద్ద అన్నట్టు బడిలో చెప్పి వదిలేస్తాం. అందుకే ఆకుపసరు కట్టు మీద అంత నమ్మకం. నిజానికి బతికున్న ఎముక నిండా రక్తనాళాలే.

కాల్షియం ఫాస్ఫేటుతో చిల్లుల అచ్చు చేసి మూలకణాలు నింపడం ఇప్పుడు వింతేమీ కాదు. చిక్కంతా పారుదలలో ఉంది. నాళం నుంచి ఆక్సిజన్ చేరేది మహా అయితే 0.1–0.2 మిల్లీమీటర్లు. ఆపైన ఉన్న కణాలన్నీ శివారు చేలే. ధవళేశ్వరం దగ్గర నీళ్లెన్ని ఉన్నా బోదె రాని చేను ఎండాల్సిందే కదా! నాళం పెరిగేది రోజుకు మిల్లీమీటరు లోపే. అది వచ్చేలోగా అచ్చు నడుమ కణాలు చచ్చిపోతాయి.

మన శివారు రైతు ఎంత మొత్తుకున్నా కాలువ కదిలి రాదు. ఒంట్లో మాత్రం వస్తుంది! ఆక్సిజన్ ఉన్నంతసేపూ కణంలో హిఫ్-1 ఆల్ఫా అనే ప్రోటీన్ ఎప్పటికప్పుడు ముక్కలైపోతుంది. ఆక్సిజన్ తగ్గితే అది పోగుపడి, కేంద్రకంలోకి వెళ్లి, నాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ జన్యువును లేపుతుంది. (ఈ గుట్టు విప్పినవాళ్లకే 2019 నోబెల్.) వీఈజీఎఫ్ ఎటు చిక్కగా ఉంటే అటు నాళపు కొన కణం తవ్వుకుంటూ పోతుంది. పోతూ పోతూ తన మీదుండే డీఎల్ఎల్4 అనే ప్రోటీన్‌తో, పక్క కణాల మీద కబురందుకునే నాచ్ గ్రాహకాన్ని తట్టి, ‘మీరు వెనకే ఉండండి’ అంటుంది. లేకపోతే అందరూ తవ్వేవాళ్లే!

మరి వీఈజీఎఫ్‌నే దండిగా పోస్తే? గట్లు లేని కాలువలు పుడతాయి, కారిపోతాయి. గట్టు కట్టే పెరిసైట్లనే కణాలను పిలవడానికి పీడీజీఎఫ్ అనే ఇంకో ప్రోటీన్ కావాలి. పైగా వచ్చిన నెత్తురు బయటికి పోవాలి. మురుగు కాలువ పూడితే ఏమవుతుందో కోనసీమ వాళ్లకు నేను చెప్పాలా!

అందుకే నాళాల కణాలను కూడా అచ్చులో ముందే పెంచి పెడుతున్నారు. ఒంటి నాళాలు వచ్చి వాటితో కలిస్తే చాలు. ఇంకో దారి, ఒంట్లోనే పెంచడం. జర్మనీ డాక్టర్లు ఒకాయనకు టైటానియం వల అచ్చులో ఎముక ఖనిజం, ఎముకను పుట్టించే బీఎంపీ-7 అనే ప్రోటీన్, ఆయన ఎముక మూలగే నింపి వీపు కండరంలో పెట్టారు. ఏడు వారాలయ్యాక నాళాలతో సహా తీసి దవడకు అమర్చారు. ఆ సంగతి 2004లో ప్రచురించారు. రాడ్డుకైతే ఇంత తతంగం అక్కర్లేదు.