గట్టు తగాదా వెనక గొలుసు కథ

ఇద్దరు రైతులు గట్టు మీద టేపు పట్టుకున్నారంటే గొడవ మొదలైనట్టే. ఇద్దరూ నిజాయితీగానే కొలుస్తారు, అయినా లెక్క కలవదు. తేలాల్సింది ఆ గట్టు ఎక్కడుండాలనే. కొలత మాత్రం ఆ గట్టు మీంచే మొదలవుతుంది. సర్వే తొలి సూత్రం దీనికి తిరగబడి ఉంటుంది. ముందు ఊరి పొలిమేర రాళ్లు ఖాయం చేసుకోవాలి, వాటి లోపల సర్వే నంబరు, దాని లోపల సబ్‌డివిజన్. చిన్న ముక్కల్ని ఒకదానికొకటి అతికించుకుంటూ పోతే ఒక్కోచోట జరిగిన జానెడు తప్పు చివరికి గజాలవుతుంది. పెద్ద హద్దు నుంచి లోపలికి వస్తే ఏ తప్పు ఆ ముక్కలోనే ఆగిపోతుంది.

1802 ఏప్రిల్ 10న బ్రిటిష్ సైనికాధికారి విలియం లాంబ్టన్ మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ల గీతను కొలవడం మొదలుపెట్టింది ఈ సూత్రంతోనే. త్రిభుజంలో ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా భుజాలు నేల మీద కొలవక్కర్లేదు, లెక్కలోనే వస్తాయి. అలా కొండ నుంచి కొండకు త్రిభుజాలు సాగాయి. ఆ పనిలోనే లాంబ్టన్ సహాయకుడు జార్జ్ ఎవరెస్ట్ కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో జ్వరంతో మంచాన పడ్డాడు.

పొలాల కొలతకు 66 అడుగుల గొలుసు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. మన సెంటు అంటే వెయ్యి చదరపు లింకులే. నిజాం ఏలుబడిలోని తెలంగాణకు లెక్క వేరు: కొలతకు గుంటలు, పొలం పటాలకు టిప్పన్‌లు. 40 గుంటలు ఒక ఎకరం.

ఎఫ్‌ఎంబీలో, అంటే సర్వే వాళ్ల పొలం కొలతల పుస్తకంలో, పొలం బొమ్మ చూడండి, అదీ త్రిభుజాలే. దీనికి గట్టి కారణం ఉంది. నాలుగు కర్రలు కట్టిన చట్రాన్ని పక్కకు తోస్తే వాలిపోతుంది. భుజాల కొలతలు మారవు కానీ విస్తీర్ణం తగ్గిపోతుంది. మూడు కర్రలది కదలదు. అందుకే నాలుగు వైపులా కొలిచి ‘పొలం సరిపోయింది’ అనుకోవడం పొరపాటు. మూలనుంచి మూలకు కొలత కూడా ఉండాలి.

కోస్తా జమీందారీల్లో ఇదంతా ఆలస్యంగా వచ్చింది. లాంబ్టన్ గీత కొలిచిన 1802లోనే అక్కడికి శాశ్వత శిస్తు చట్టం వచ్చింది. జమీందారు సర్కారుకు కట్టే శిస్తు (పేష్కష్) ఖరారయ్యాక సర్కారుకు ప్రతి చేనూ కొలిచే అవసరం లేకపోయింది. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాకే అలాంటి చాలా ఊళ్లలో పద్ధతిగా సర్వే జరిగింది.

ఆ తర్వాత జరిగిన నష్టం మాత్రం అన్నిచోట్లా ఒకటే. అన్నదమ్ములు పంచుకున్నారు, అమ్ముకున్నారు. దస్తావేజులో ‘తూర్పు: ఫలానా వారి పొలం’ అని చెక్కుబందీ రాశారు గానీ కొత్త గీతను కొలిపించలేదు. దుక్కిలో రాళ్లు లేచిపోయాయి. మాన్యాలూ పోరంబోకులూ ఇలాగే గట్లు జరిగి కుంచించుకుపోవడం చూస్తే నాకు కడుపు మండుతుంది.

2020 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్‌లో తక్కెళ్లపాడు నుంచి రీసర్వే మొదలైంది. గొలుసు స్థానంలో డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలతో పనిచేసే రోవర్లు వచ్చాయి. సూత్రం మాత్రం పాతదే: కచ్చితంగా తెలిసిన స్థానం నుంచి తెలియని చోటికి. అయితే రోవర్ చెప్పేది ఈ గట్టు ఇప్పుడు ఎక్కడుందనే. అసలు ఎక్కడుండాలో పాత రికార్డే చెప్పాలి. ఒకే గట్టు ఇద్దరి సర్వే నంబర్ల బొమ్మల్లోనూ ఉంటుంది కాబట్టి, సర్వేయర్ వచ్చే రోజుకు మీ ఎఫ్‌ఎంబీతో పాటు పక్క నంబరుది కూడా తీసి పెట్టుకోండి.